ఎగుడుదిగుడు పెరట్లో చప్టా వేయాలి: మట్టి నింపాలా, తవ్వాలా?

పెరటిగుమ్మం అడిగారు:

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనక పెరట్లో నలుగురం కూర్చునేలా రాతి చప్టా, అదే ప్యాటియో, వేయించాలని చాలాకాలంగా కోరిక. ఈసారి మొదలుపెడదామని చూస్తే అసలు నేల ఎక్కడా సమంగా లేదు.

ముందు మా స్థలం ఎలా ఉందో చెప్తాను. వెనక గుమ్మం ఇంటి గోడకి ఎడమ చివర ఉంది. గుమ్మం దిగగానే నేల కొంచెం పర్వాలేదు. తోటలోకి నడిచేకొద్దీ దిగిపోతుంది. అదొక్కటే అయితే ఏదో చేసుకోవచ్చు, కానీ ఎడమ నుంచి కుడికి కూడా వాలు ఉంది. అంటే గుమ్మం దగ్గర ఎత్తు, దానికి ఐమూలగా ఉన్న కుడి చివర బాగా పల్లం. ఇది కాక రెండు గుంతలు. ఒకటి గుమ్మం పక్కన గోడ మూలలో, మేడ మీది వాన నీళ్ళు దిగే పైపు కింద. రెండోది తోటలోకి కొంచెం వెళ్ళాక, కుడివైపుగా ఉంది. అది ఎందుకు ఏర్పడిందో తెలియదు కానీ అక్కడి గడ్డి మాత్రం మిగతా చోట్లకంటే పచ్చగా ఉంటుంది. కుడి పక్కన ఒక పెద్ద చెట్టు ఉంది, దాన్ని కొట్టే ప్రసక్తే లేదు. ఈ ఇంట్లో మాకు బాగా నచ్చింది ఆ చెట్టే.

చూడటానికి వచ్చిన కాంట్రాక్టరు పది నిమిషాల్లో తేల్చేశారు. గోడ పొడుగునా 5 మీటర్లు, తోటలోకి 4 మీటర్లు గుర్తు పెట్టి, చుట్టూ ఇటుక గోడ కట్టి, లోపల మట్టి నింపి, ఇంటి లోపలి నేలకి సమానంగా చేసి, పైన కాంక్రీటు పోసి టైల్స్ వేస్తామన్నారు. వినడానికి బాగానే ఉంది, ఒక్క మెట్టు కూడా దిగనక్కర్లేదు. కానీ కొలతలేవీ తీయకుండా చెప్పేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. నింపిన మట్టి తర్వాత కుంగితే? వాన నీళ్ళు ఇంట్లోకి వస్తే? ఆ ఇటుక గోడ అంత మట్టిని ఆపుతుందా?

నిజానికి ఇదంతా మా నాన్నగారి కోసం. ఆయనకి మోకాళ్ళు సహకరించడం లేదు. తోట అంటే ప్రాణం, కానీ ఆ వాలు మీద నడవలేక గుమ్మంలోనే కుర్చీ వేసుకుని చూస్తుంటారు. ఆయన ధైర్యంగా అడుగు పెట్టేలా ఉండాలి, అదే నా మొదటి షరతు. రాయి రంగు, డిజైను ఏదైనా సరే.

మట్టి నింపడమా, తవ్వడమా? వాలు ఎంతుందో మేమే కొలుచుకోగలమా? రెండు లెవెల్స్‌గా చేస్తే మేలంటారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎండపొడ జవాబు:

నేను పని చేసేదాన్ని కాదండీ, చేయించుకున్నదాన్ని. ఒక్క మాట చెప్తాను. ముందు సైజు సంగతి తేల్చుకోండి. 20 చదరపు మీటర్లు నిజంగా కావాలా? నలుగురు కూర్చునే బల్ల, కుర్చీలకి 3 మీటర్లకి 3 మీటర్లు ఉంటే సరిపోతుంది. కుర్చీ వెనక్కి జరిపి లేవాలంటే బల్ల అంచు నుంచి 75 నుంచి 90 సెంటీమీటర్లు వదలాలి. ఆ కొలతతో నేల మీద తాడు పరిచి, మీ కుర్చీలు అక్కడ వేసి చూడండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎండ ఎటు పడుతుందో కూడా తెలుస్తుంది. వాలు నేల మీద ప్రతి మీటరూ ఖర్చే. అవసరం లేని మీటరు తగ్గితే గోడా తగ్గుతుంది, మట్టీ తగ్గుతుంది.

నాన్నగారు సాయంత్రాలు కూర్చుంటారంటే పడమటి ఎండ ముఖం మీద పడకుండా చూసుకోండి. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఎండ కొట్టే చోట ఐదు నిమిషాలు కూడా కూర్చోరు.

రాతివరస జవాబు:

తోటల్లో మెట్లు, చప్టాలు, చిన్న రాతి గోడలు కట్టించడం నా పని. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ భయం సరైనదే. ఇంటి నేలకి సమానంగా చప్టా వేస్తామన్న మాటకి మాత్రం ఒప్పుకోకండి.

ఎందుకంటే చప్టా పైభాగం ఇంటి లోపలి నేలకంటే కనీసం 15 సెంటీమీటర్లు కిందుండాలి. పెద్ద వాన పడితే నీళ్ళు చప్టా మీద పడి గోడ మీదికి చిందుతాయి. చప్టా ఎత్తుగా ఉంటే గోడ అడుగు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, చెమ్మ లోపలికి ఎక్కుతుంది. కొన్నేళ్ళకి లోపల సున్నం పెచ్చులు ఊడుతుంటే కారణం ఎక్కడుందో ఎవరికీ అర్థం కాదు. అలాంటి ఇళ్ళలో చప్టా పగలగొట్టించాల్సి వచ్చింది, చూస్తే బాధేస్తుంది.

నా దృష్టిలో వాలు నేల మీద చప్టా అంటే ముందు నీళ్ళ లెక్క, ఆ తర్వాతే రాళ్ళ లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. మీ కాంట్రాక్టరు చెప్పిన 20 చదరపు మీటర్ల మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 1000 లీటర్లు. మామూలు నేల అయితే కొంత ఇంకుతుంది. కాంక్రీటు మీద పడింది మాత్రం మొత్తం ఎటో ఒకటు పోవాల్సిందే. ఎటు పోవాలో మీరు నిర్ణయించకపోతే అదే నిర్ణయించుకుంటుంది.

అందుకే చప్టాకి ఇంటి నుంచి బయటికి వాటం, అంటే నీళ్ళు జారిపోయే కొద్దిపాటి వాలు, ఇవ్వాలి. 60కి 1 చొప్పున ఇవ్వండి, అంటే 3 మీటర్లకి 5 సెంటీమీటర్లు. బాగా నునుపైన పలకలైతే 80కి 1 చాలు, గరుకు రాయైతే 60కి 1 ఉండాల్సిందే. కూర్చున్నవాళ్ళకి ఈ వాటం తెలియదు, బల్ల మీద గ్లాసు కూడా కదలదు.

ఇక మీ గుంతలు. వాటిని చూసి విసుక్కోకండి, అవి మీకు చాలా సంగతులు చెప్తున్నాయి. పైపు కింది గుంత ఎందుకొచ్చిందో తెలుస్తూనే ఉంది. మేడ మీది నీళ్ళన్నీ ఒకే చోట పడి మట్టిని కోసేస్తున్నాయి. సరిగ్గా అక్కడే చప్టా వేస్తానంటున్నారు. ఆ పైపుని అలాగే వదిలేసి పైన రాళ్ళు పరిస్తే నీళ్ళు కింది ఇసుకని కొంచెం కొంచెంగా లాక్కుపోతాయి, రాళ్ళు ఊగడం మొదలవుతుంది. చప్టా పని మొదలుపెట్టకముందే ఆ నీళ్ళని పైపులో నేల కింద నుంచి దాటించి పల్లంలోకి వదలాలి. 110 మిల్లీమీటర్ల పైపు చాలు, దానికీ వాలు ఉండాలి. పక్కవాళ్ళ స్థలంలోకి మాత్రం వదలకండి.

రెండో గుంత నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది. పల్లంగా ఉండి, గడ్డి మిగతా చోట్లకంటే పచ్చగా ఉందంటే కింద తడి ఉన్నట్టు. పైపు ఏదైనా లీకవుతుండవచ్చు, లేదా ఒకప్పటి ఇంకుడు గుంతో, చెత్త గుంతో పూడ్చేసి ఉండవచ్చు. పూడ్చిన గుంత ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది. ముందు అక్కడ నీళ్ళ పైపులు, కరెంటు కేబుళ్ళు ఏమీ లేవని నిర్ధారించుకోండి. తర్వాత గునపం దింపి చూడండి. గుంతలో ఒకచోట, దానికి రెండు మీటర్ల దూరంలో గట్టి నేలలో ఒకచోట. తేడా చేతికే తెలుస్తుంది.

కొలతలు మీరే తీసుకోవచ్చు, పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. లెవెల్ పైపు అంటే తెలుసు కదా, మేస్త్రీలు వాడే పారదర్శకమైన సన్న గొట్టం. దాన్నిండా నీళ్ళు పోసి, మధ్యలో గాలి బుడగలు లేకుండా చూసుకోండి. ఒక చివర ఇంటి లోపలి నేల మట్టానికి పెట్టి, రెండో చివర మీరు కొలిచే చోట పాతిన కర్ర దగ్గర పట్టుకోండి. రెండు చివరల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. కర్ర మీద ఆ మట్టాన్ని గుర్తుపెట్టి, అక్కడి నుంచి కింద నేల దాకా టేపుతో కొలిస్తే ఆ చోటు ఇంటి నేలకంటే ఎంత పల్లమో వచ్చేస్తుంది. మీటరుకో కర్ర పాతి అన్నీ కాగితం మీద గళ్ళలో రాయండి. దారానికి చిన్న రసమట్టం తగిలించి కూడా కొలవచ్చు, కానీ దూరం పెరిగేకొద్దీ దారం జారి కొలత తప్పుతుంది. నాకు నీళ్ళ గొట్టం మీదే నమ్మకం.

మూలలు సరిగ్గా లంబకోణంలో రావాలంటే గోడ వెంట 3 మీటర్లు, తోటలోకి 4 మీటర్లు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య ఐమూల దూరం 5 మీటర్లు వచ్చేదాకా తాడు జరపండి.

నింపాలా తవ్వాలా అనేది ఈ కాగితం చూశాకే చెప్పగలం. కొలతలు పెట్టండి, కూర్చుని లెక్క వేద్దాం.

చెక్కపనివాడు జవాబు:

పై జవాబులో చెప్పినవన్నీ నిజమే. కానీ నేనైతే రాతి చప్టా ఆలోచనే పక్కన పెట్టి చెక్క డెక్ వేయమంటాను. వాలు నేలకి అంతకంటే సులువైనది లేదు. స్తంభాల ఎత్తు ఒక్కోటీ ఒక్కోలా కోసుకుంటే పైన సమంగా వస్తుంది. మట్టి నింపక్కర్లేదు, గోడ అక్కర్లేదు, వాన నీళ్ళు పలకల సందుల్లోంచి కిందికి పోతాయి. ఇంటి నేలకి దగ్గర మట్టంలో వేసినా గోడకి తగలకుండా సందు వదిలితే చెమ్మ భయం ఉండదు. నాన్నగారికి మెట్టు బాధ కూడా తప్పుతుంది. చెట్టు దగ్గర కూడా స్తంభాలకి నాలుగైదు గుంతలు తప్ప తవ్వకం ఉండదు.

చెక్కకి పోషణ కావాలి, అది ఒప్పుకుంటాను. ఏటా శుభ్రం చేసి నూనె గానీ, పూత గానీ వేయాలి. చెదలు ఉండే నేలైతే స్తంభాల అడుగు మట్టికి తగలకుండా ఇనుప పాదాల మీద నిలపాలి.

పెరటిగుమ్మం జవాబు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. డెక్ గురించి ఇంట్లో మాట్లాడాం. ఏటేటా పూత వేయించడం మావల్ల కాదనిపించింది. పైగా తడి చెక్క మీద నాన్నగారు జారతారేమోనని అమ్మ భయం. కాబట్టి రాయికే ఓటు.

నేనూ మా తమ్ముడూ లెవెల్ పైపుతో కొలతలు తీశాం. ఇంటి లోపలి నేలని సున్నా అనుకుంటే, గోడ పక్కన గుమ్మం వైపు మూల 20 సెంటీమీటర్లు కింద ఉంది. గోడ వెంట 5 మీటర్లు వెళ్ళాక 45 సెంటీమీటర్లు. తోటలోకి 4 మీటర్ల దూరంలో ఎడమ మూల 60, కుడి మూల 90. ఇంత తేడా ఉందని కంటికి తెలియలేదు, కాగితం మీద చూసి ఆశ్చర్యపోయాం. ఎండపొడ గారు చెప్పిన 3 మీటర్ల చతురస్రం కూడా కొలిచాం, గుమ్మం ముందే. గోడ పక్కన 20, 35. బయటి అంచున 50, 67.

రెండో గుంత గోడకి 2 మీటర్ల దూరంలో, ఎడమ మూల నుంచి కొలిస్తే 4 మీటర్ల దగ్గర ఉంది. గునపం వేస్తే గుంతలో సర్రున దిగిపోయింది, పక్కన గట్టి నేలలో కొద్దిగా కూడా దిగలేదు. ఈ ఇంట్లో ముందు ఉన్నవాళ్ళని ఫోన్ చేసి అడిగితే, అది పాత ఇంకుడు గుంత అనీ, రాళ్ళూ మట్టీ వేసి మూసేశామనీ చెప్పారు. మీరు అడగకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

రాతివరస జవాబు:

చాలా మంచి పని చేశారు. ఇప్పుడు మీ కాంట్రాక్టరు ప్లానుని ఈ అంకెల మీద పెట్టి చూడండి. ఆ 5 మీటర్ల చప్టా కింద సరిగ్గా ఆ ఇంకుడు గుంత వస్తోంది. పైన వేసే కాంక్రీటు కొంతకాలం గుంతని దాటి నిలబడుతుంది, తర్వాత పగులుతుంది. ఇక కుడి మూల చూడండి. నేల 90 సెంటీమీటర్లు కింద ఉంది, ఆయన ఇంటి నేలకి సమానంగా నింపుతానంటున్నారు. అంటే ఆ మూలలో గోడ దాదాపు 90 సెంటీమీటర్ల మట్టిని ఆపాలి. మామూలు ఇటుక ప్రహరీలా సన్నగా కట్టే గోడకి అది శక్తికి మించిన పని.

మట్టికంటే దాని వెనక చేరే నీళ్ళు ఎక్కువ ప్రమాదం. గోడ వెనక ఒక మీటరు ఎత్తున నీళ్ళు నిలిస్తే, గోడ పొడుగులో ప్రతి మీటరు మీదా దాదాపు 500 కిలోల తోపు పడుతుంది, అదీ మట్టి తోపు కాక నీళ్ళది ఒక్కటే. పడిపోయిన రిటైనింగ్ గోడల్లో, అంటే మట్టిని ఆపే గోడల్లో, చాలావాటికి నీళ్ళు బయటికి వచ్చే దారే ఉండదు. మీటరుకి మించిన గోడ ఎక్కడైనా అవసరమైతే ఇంజినీరు డిజైను లేకుండా కట్టించకండి.

మీకు ఆ అవసరమే రాదు. ఎండపొడ గారి చతురస్రం తీసుకుందాం. గుమ్మం ముందే 3 మీటర్లకి 3 మీటర్లు. ఇంకుడు గుంత దానికి బయట ఉంటుంది. గోడ దగ్గర చప్టా పైభాగం ఇంటి నేలకంటే 15 సెంటీమీటర్లు కింద, బయటి అంచున వాటంతో కలిపి 20 సెంటీమీటర్లు కింద ఉంచండి. బయటి అంచున నేల 50, 67 కాబట్టి గోడ ఎత్తు ఎడమ మూలలో 30, కుడి మూలలో 47 సెంటీమీటర్లు. ఇది రాయితో చక్కగా కట్టుకోగల గోడ, దాని పైనే కూర్చోవచ్చు కూడా.

సిమెంటు లేకుండా పేర్చే గోడైతే అడుగు వెడల్పు ఎత్తులో సగానికి తగ్గకూడదు. నేనైతే ఇక్కడ 35 సెంటీమీటర్లు పెడతాను. మొదటి వరస నేలలోకి దిగి ఉండాలి, దాని కింద దిమ్మిస కొట్టిన కంకర ఉండాలి. గోడ ముఖం చప్టా వైపుకి కొంచెం వాలాలి, 6కి 1 చొప్పున, అంటే 47 సెంటీమీటర్లకి 8 దాకా. వెనక 30 సెంటీమీటర్ల మందాన గులకరాళ్ళు, వాటికీ మట్టికీ మధ్య నీళ్ళని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ. గుడ్డ లేకపోతే మట్టి గులకరాళ్ళ సందుల్లోకి చేరి దారి మూసేస్తుంది. సిమెంటుతో కడితే అడుగు వరసలో నీరు కారే కన్నాలు తప్పనిసరి, మీటరు, మీటరున్నరకి ఒకటి.

నింపడం గురించి. ముందు 15 సెంటీమీటర్ల పైమట్టిని తీసి పక్కన పోయండి. అందులో వేర్లూ ఆకులూ ఉంటాయి, అవి కుళ్ళితే నేల కుంగుతుంది. ఆ మట్టి మొక్కలకి బంగారం, చప్టా కింద మాత్రం పనికిరాదు. మీ కొలతల ప్రకారం అది తీశాక, రాయి, ఇసుక, కంకర పొరలకి 20 సెంటీమీటర్లు వదిలితే, నింపాల్సింది రెండు ఘనమీటర్లకి కొంచెం తక్కువే. కాంట్రాక్టరు ప్లానులో ఇది ఐదింతలకి పైనే అయ్యేది. ఇంత తక్కువ కాబట్టి మట్టి మానేసి, సన్నపొడి కలిసిన కంకరతోనే మొత్తం నింపేయండి. వదులుగా తెచ్చింది దిమ్మిస కొడితే తగ్గుతుంది, పావు వంతు ఎక్కువే తెప్పించండి.

10 సెంటీమీటర్లు పోయడం, కొంచెం తడపడం, ప్లేట్ కాంపాక్టరుతో, అదే నేలని అదిమే యంత్రంతో, కొట్టడం. మళ్ళీ 10. దయచేసి ఒకేసారి 30 పోసి పైన కొట్టనివ్వకండి, యంత్రం దెబ్బ అంత లోతుకి దిగదు. పైన గట్టిగా కనిపించి లోపల వదులుగా ఉండిపోతుంది. ఈ ఒక్క పని జరుగుతున్నప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు దగ్గరుండాలి. రాళ్ళు వంకరగా పరిస్తే తీసి మళ్ళీ పరచవచ్చు. కింద సరిగా కొట్టలేదంటే పైన ఎంత అందంగా చేసినా నిలవదు.

దాని మీద 3, 4 సెంటీమీటర్ల ఇసుక, ఆపైన రాయి. ఇసుక అన్నిచోట్లా ఒకే మందంలో ఉండాలి. వాటం అనేది కంకర పొరలోనే వచ్చేయాలి. కంకర హెచ్చుతగ్గుల్ని ఇసుకతో కప్పేస్తే, మందంగా ఉన్నచోట రాయి దిగిపోతుంది. ఇంటి గోడకీ చప్టాకీ మధ్య ఒక సెంటీమీటరు సందు వదలండి, రెండూ అతుక్కోకూడదు. ఇల్లు పునాది మీద నిలబడి ఉంది, చప్టా నింపిన నేల మీద ఉంది. అవి రెండూ ఒకేలా కదలవు.

ఇక నాన్నగారు. 15 సెంటీమీటర్ల మెట్టు ఆయనకి ఎక్కువనిపిస్తే మధ్యలో వెడల్పాటి సగం మెట్టు పెట్టండి, ఒక్కోటి ఏడున్నర సెంటీమీటర్లు. కనీసం 45 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే రెండు పాదాలూ పెట్టి నిలబడి, తర్వాత దిగుతారు. పక్క గోడకి గట్టి పట్టుకొమ్మ బిగించండి, చేతికి ఏదైనా దొరికితేనే కాళ్ళకి ధైర్యం వస్తుంది. చక్రాల కుర్చీ అవసరం ఎప్పుడైనా పడితే 12కి 1 వాలు కావాలి, అంటే 15 సెంటీమీటర్లకి 1.8 మీటర్ల ర్యాంపు. గుమ్మం బయట నిలబడేంత చదును చోటు వదిలాకే ర్యాంపు మొదలవ్వాలి. బిగించే కొక్కేలు ఇప్పుడే గోడలో పెట్టించుకోవచ్చు.

తోటలోకి దిగే మెట్లు ఎడమ వైపు పెట్టండి. అక్కడ 30 సెంటీమీటర్లే కాబట్టి 15 చొప్పున రెండు దిగుళ్ళు చాలు. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. మెట్ల ఎత్తుల్లో తేడా ఉంటే కాలు తడబడేది అక్కడే.

వేరుమట్టి జవాబు:

చెట్టు సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. చెట్టు వేర్లలో ఎక్కువ భాగం నేల పైపొరలో, అరమీటరు అటూఇటూ లోతులోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి కూడా పాకుతాయి. ఛాతీ ఎత్తులో మాను అడ్డకొలతకి 12 రెట్ల దూరం దాకా తవ్వకూడదు, మట్టి పోయకూడదు అనేది చెట్ల సంరక్షణలో వాడే లెక్క. మాను 40 సెంటీమీటర్లుంటే 4.8 మీటర్లు.

తవ్వితే వేర్లు తెగుతాయని అందరికీ తెలుసు. పైన మట్టి పోసినా చెట్టు చచ్చిపోతుందని చాలామందికి తెలియదు. వేర్లకి గాలి కావాలి. పైన మందంగా మట్టి పోసి దిమ్మిస కొడితే వేర్లకి ఊపిరాడదు. వెంటనే ఏమీ కనిపించదు, రెండు మూడేళ్ళకి పై కొమ్మలు ఎండడం మొదలవుతుంది, అప్పటికి చేసేదేమీ ఉండదు. అందుకే తీసిన పైమట్టిని చెట్టు మొదట్లో పోయనివ్వకండి. కంకర లారీ అటువైపు నుంచి రానివ్వకండి, బరువుకి నేల అణిగిపోతుంది. సిమెంటు కలిపిన నీళ్ళు కూడా అటు వదలకూడదు.

చెట్టు కింద కూర్చోవాలనుకుంటే తవ్వకుండా, గుడ్డ పరిచి సన్నని గులకరాళ్ళు పలుచగా పోసి, రెండు కుర్చీలు వేసుకోండి. మాను చుట్టూ అరమీటరు ఖాళీగా వదలండి.

పెరటిగుమ్మం జవాబు:

మాను కొలిచాం. సరిగ్గా 40 కాదు, 38 సెంటీమీటర్లు. 12 రెట్లు అంటే నాలుగున్నర మీటర్ల పైన. చిన్న చప్టా మూల నుంచి చెట్టు దాకా ఐదు మీటర్లకి పైగా ఉంది. కాంట్రాక్టరు గుర్తు పెట్టిన గోడ మాత్రం వేర్ల మీదికే వెళ్ళేది. లారీ ఎడమ గేటు నుంచే వచ్చేలా మాట్లాడుకున్నాం.

నాన్నగారికి ప్లాను కాగితం మీద చూపించాను. పట్టుకొమ్మ ఎక్కడ రావాలో ఆయనే గోడ మీద చేయి పెట్టి చూపించారు, తమ్ముడు పెన్సిల్‌తో గీశాడు. ఒక చివరి సందేహం. రాయి ఏది తీసుకోవాలి? నున్నగా పాలిష్ చేసినవి చూడటానికి బాగున్నాయి. సందుల్లో సిమెంటు వేయాలా, ఇసుకా?

రాతివరస జవాబు:

పట్టుకొమ్మ ఎత్తు ఆయన చేతికే సరిపోవాలి, మంచి పని చేశారు.

పాలిష్ రాయి వద్దండీ. తడిస్తే జారుతుంది. పైన గరుకుగా, యంత్రంతో కాల్చి లేదా చెక్కి తయారుచేసిన ముఖం ఉన్నది తీసుకోండి. అయితే మరీ ఎగుడుదిగుడు ముఖం కూడా వద్దు, కుర్చీ కాళ్ళు ఊగుతాయి, నాన్నగారి పాదానికి తగులుతుంది. రాతి పలకలైతే 4, 5 సెంటీమీటర్ల మందం, సిమెంటు పేవర్ బ్లాకులైతే 6 సెంటీమీటర్లు. కార్లు ఎక్కవు కదా, 8 అక్కర్లేదు.

ఇసుక మీద పరుస్తున్నారు కాబట్టి సందుల్లోనూ ఇసుకే. కింద పొర కొంచెం కదిలినా రాయి దానితో కదులుతుంది, సిమెంటు అయితే పగులుతుంది. సన్నని పొడి ఇసుక చల్లి, చీపురుతో సందుల్లోకి తోసి, మొదటి వానలు పడ్డాక మళ్ళీ ఒకసారి చల్లండి. అంచు రాళ్ళని మాత్రం కాంక్రీటులో గట్టిగా కూర్చోబెట్టాలి. అంచు వదులైతే మధ్యలో రాళ్ళన్నీ పక్కకి జరుగుతాయి.

పని మొదలయ్యే రోజు మేడ మీది నీళ్ళ పైపు ముందు వేయించండి. దాన్ని పూడ్చకముందే మేడ మీద నుంచి రెండు బిందెల నీళ్ళు పోసి, పల్లంలో బయటికి వస్తున్నాయో లేదో చూసుకోండి. వచ్చాకే కంకర లారీకి ఫోన్ చేయండి.